టోబ్రుక్‌ను పట్టుకుని ఉండటమా, వదిలేసి రావడమా: ఒకే రేవు, నాలుగు దారులు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎడారి పోరు గురించి మాట మొదలైతే ఒక తగువు తప్పకుండా వస్తుంది. లిబియా తీరంలోని టోబ్రుక్ అనే చిన్న రేవు కోసం 1941లో బ్రిటిష్ పక్షం సేనలు దాదాపు ఎనిమిది నెలలు జర్మన్, ఇటాలియన్ ముట్టడిలో ఉండి పోరాడాయి కదా, అది నిజంగా అవసరమేనా? ఈజిప్టును కాపాడింది అదేనని కొందరు. పరువు కోసం ఓడల్ని, మనుషుల్ని తగలేశారని ఇంకొందరు. ఈ వాదనలు ఎక్కువగా తెగకపోవడానికి కారణం ఒక్కటే: 1941 నాటి టోబ్రుక్‌ను, 1942 నాటి టోబ్రుక్‌ను కలిపేసి మాట్లాడుతుంటారు. ఊరు ఒకటే, పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. 1941 ఏప్రిల్‌లో నిలబడటమే సరైన పని. 1942 జూన్‌లో వదిలేసి రావడమే సరైన పని. రెండు సందర్భాల్లోనూ చూడాల్సిన లెక్కలు ఒకటే, జవాబులు తారుమారయ్యాయి.

ముందు మ్యాపు

ట్రిపోలీ నుంచి ఈజిప్టు సరిహద్దు దాకా 1,500 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో చెప్పుకోదగ్గ రేవులు బెంఘాజీ, టోబ్రుక్ మాత్రమే. తీరం వెంబడి ఇటలీవాళ్ళు వేసిన తారు రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు దిగితే రాయి, ఇసుక, ఒంటె ముళ్ళపొదలు. తిండి, నీళ్ళు, పెట్రోలు, గుండ్లు అన్నీ ఎక్కడినుంచో మోసుకు రావాల్సిందే. పైగా లారీ తాగే పెట్రోలు కూడా ఆ లారీయే మోయాలి. రేవు నుంచి దూరం పెరిగేకొద్దీ సైన్యం చిక్కిపోతుంది.

టోబ్రుక్ చుట్టూ ఇటలీవాళ్ళు 45 కిలోమీటర్ల పైచిలుకు రక్షణ వలయం కట్టిపెట్టారు. వందకు పైగా కాంక్రీటు గుంటలు, ముళ్ళకంచె, అక్కడక్కడా ట్యాంకులు దాటలేని కందకం. 1941 జనవరి 22న ఆస్ట్రేలియన్లు దాన్ని పట్టుకున్నప్పుడు సుమారు 25,000 మంది ఇటాలియన్లు లొంగిపోయారు. కాంక్రీటు ఎంత ఉన్నా, లోపలివాళ్ళకు బయటినుంచి దన్ను లేకపోతే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ముట్టడిలో పడబోయే రేవు గురించి నేనైతే నాలుగు సంగతులు అడుగుతాను. సముద్రం దారి తెరిచి ఉందా? లోపల ఉన్న దళం, కంచె, మందుపాతరలు సిద్ధంగా ఉన్నాయా? బయట ఉన్న మన సైన్యం తిరిగి వచ్చి విడిపించే స్థితిలో ఉందా? నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు: మనం అక్కడ ఉండటం వల్ల శత్రువుకు నిజంగా ఏం నష్టం?

విమానాల అండ సంగతి ఏమిటని అడగొచ్చు. ఉంటే మంచిదే. కానీ 1941లో టోబ్రుక్‌లో ఉన్న కాసిన్ని ఫైటర్లు ఏప్రిల్ నెలాఖరుకే ఈజిప్టుకు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఆరేడు నెలలు విమాన విధ్వంసక తుపాకులతోనే నెట్టుకొచ్చారు. అందుకే దాన్ని తప్పనిసరి షరతుల్లో చేర్చలేదు.

మొదటి దారి: నిలబడటం (1941 ఏప్రిల్–డిసెంబర్)

1941 మార్చి 24న ఎల్ అఘేలా దగ్గర జర్మన్ జనరల్ రోమెల్ కదిలాడు. రెండు వారాల్లో సిరెనైకా, అంటే లిబియా తూర్పు భాగం, టోబ్రుక్ తప్ప దాదాపు మొత్తం చేజారింది. బెంఘాజీ పోయింది. బ్రిటిష్ జనరల్స్ నీమ్, ఓకానర్ ఇద్దరూ రాత్రివేళ దారి తప్పి జర్మన్లకు దొరికిపోయారు. ఏప్రిల్ 8న మెకిలీ దగ్గర మన 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్‌లో చాలా భాగం చిక్కుకుపోయింది. ఆ బ్రిగేడ్‌కే చెందిన 18వ కావల్రీ మాత్రం టోబ్రుక్ చేరుకుంది. పేరుకు కావల్రీ అయినా గుర్రాలేం లేవు, ముట్టడిలో కాలిబంట్లలాగే కందకాల్లో కాపలా కాసింది.

అదే రోజున మధ్యప్రాచ్యంలోని బ్రిటిష్ సేనల అధిపతి వేవెల్ విమానంలో టోబ్రుక్ వచ్చాడు. తర్వాత మనకు వైస్రాయ్‌గా వచ్చిన వేవెల్ ఇతనే. అప్పటికి అతని చేతిలో ఉన్న మంచి దళాల్లో చాలావాటిని గ్రీసుకు పంపేశారు. గ్రీసు మీద జర్మన్ దాడి మొదలై రెండు రోజులే అయింది. ఈజిప్టులో రోమెల్‌ను ఆపగల బలం పోగవడానికి కొన్ని వారాలు కావాలి. టోబ్రుక్ ఆ వారాలు సంపాదించి పెట్టాలన్నదే అసలు ప్లాను. ఎనిమిది నెలలు ఉంటామని అప్పుడు ఎవరూ అనుకోలేదు. మొదట ఆస్ట్రేలియన్ జనరల్ లావరాక్‌కు, కొద్ది రోజుల్లోనే 9వ ఆస్ట్రేలియన్ డివిజన్ కమాండర్ మోర్స్‌హెడ్‌కు బాధ్యత అప్పగించారు. ఓడలెక్కి పారిపోవడం అనే మాటే లేదని మోర్స్‌హెడ్ తన అధికారులకు మొదట్లోనే తేల్చిచెప్పాడు.

ఏప్రిల్ 13 రాత్రి, ఈస్టర్ పూట, జర్మన్లు దక్షిణం వైపు నుంచి కంచె తెంపి లోపలికి వచ్చారు. అప్పటిదాకా పోలండ్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ ట్యాంకులు లోపలికి దూసుకొస్తే ఎదుటివాళ్ళు కకావికలైపోయేవారు. ఇక్కడ అలా జరగలేదు. కాంక్రీటు గుంటల్లోని ఆస్ట్రేలియన్లు ట్యాంకుల్ని పోనిచ్చి, తల వంచుకుని కూర్చున్నారు. ట్యాంకుల వెనక వచ్చే కాలిబంట్ల మీదా ఫిరంగుల మీదా విరుచుకుపడ్డారు. ఒంటరిగా లోపలికి వెళ్ళిన ట్యాంకులకు తెల్లవారేసరికి బ్రిటిష్ 25 పౌండర్ ఫిరంగులు ఎదురుగా కనిపించాయి. కొద్ది వందల గజాల దూరంలోంచి నేరుగా గురిపెట్టి కాల్చారు. దాడికి వచ్చిన ట్యాంకుల్లో సగానికి దగ్గరగా అక్కడే పోయాయి.

లోపలున్నవాళ్ళు ఎంత సర్దుకుపోయారో చెప్పడానికి "బుష్ ఆర్టిలరీ" ఒక్కటి చాలు. ఇటాలియన్లు వదిలేసిన పాత ఫిరంగుల్ని వంటవాళ్ళు, గుమాస్తాలు, డ్రైవర్లు బాగుచేసుకుని కాల్చేవారు. చాలావాటికి గురి చూసే పరికరాలే లేవు. ఒక గుండు వేసి ఎక్కడ పడిందో చూసుకుని, గొట్టాన్ని ఇంత పైకో ఇంత పక్కకో జరిపి ఇంకోటి వేసేవారు. రేవులో లేడీబర్డ్ అనే గన్‌బోటు మే నెలలో బాంబు తగిలి మునిగింది. అయితే లోతు తక్కువ కావడంతో పైభాగం నీళ్ళ మీదే ఉండిపోయింది. దాని మీది తుపాకీతో తర్వాత కూడా విమానాల్ని కొట్టారు.

సముద్రం దారి సంగతికి వద్దాం. మునిగిన ఓడలతో రేవు శ్మశానంలా ఉండేది. పగలు ఓడ కనిపిస్తే స్టూకాలు, అంటే జర్మన్ బాంబర్ విమానాలు, వదలవు. అందుకని డిస్ట్రాయర్లు చీకటి పడ్డాక చేరుకుని, గంట అటూ ఇటూగా సరుకు దించి, గాయపడ్డవాళ్ళను ఎక్కించుకుని, తెల్లారేలోపు స్టూకాల దెబ్బకు అందనంత దూరం వెళ్ళిపోవాలి. ఓడ పక్కన బల్లకట్లు, మునిగిన ఓడల డెక్కులే ప్లాట్‌ఫారాలు. లైట్లు లేవు. మందుగుండు పెట్టెలు ఒకవైపు దొర్లించుకుంటూ వస్తుంటే ఇంకోవైపు నుంచి స్ట్రెచర్లు ఎక్కేవి. వెన్నెల రాత్రుల్లో ఈ పనికి వెళ్ళడమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమే. ఆస్ట్రేలియన్ నౌక వాటర్‌హెన్ జూన్ చివర్లో ఈ దారిలోనే పోయింది. మొత్తం ముట్టడిలో నౌకాదళం కోల్పోయిన చిన్నాపెద్దా నౌకలు రెండు డజన్లకు పైనే.

అంత నష్టపోయి దించిన సరుకు సుమారు 34,000 టన్నులు. సగటున రోజుకు 140 టన్నులు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మనుషుల లెక్కలో చూస్తే, ఆస్ట్రేలియన్లు 800 మందికి పైగా చనిపోయారు, 900 మందికి పైగా పట్టుబడ్డారు. బ్రిటిష్, భారతీయ, పోలిష్, చెక్ మృతులు అదనం. రాజకీయంగా ఇంకో ఖర్చు పడింది. తమ సైనికుల్ని వెనక్కి రప్పించాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం పట్టుబట్టింది. మెంజీస్, ఫాడెన్, కర్టిన్, వరసగా ముగ్గురు ప్రధానులూ అదే మాట మీద ఉన్నారు. వేవెల్ తర్వాత వచ్చిన ఆకిన్‌లెక్‌కు అది నచ్చలేదు. చివరికి ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా చీకటి రాత్రుల్లో పాత దళాన్ని దించి, పోలిష్ బ్రిగేడ్‌నూ బ్రిటిష్ 70వ డివిజన్‌నూ ఎక్కించారు. అక్టోబర్ 25న ఆ పనిలోనే లాటోనా అనే నౌక మునిగింది.

అయితే ఏం లాభం వచ్చింది?

ఇక్కడే నాకు రెండు వర్గాలతోనూ పేచీ. టోబ్రుక్ రేవు దొరికి ఉంటే రోమెల్ నేరుగా కైరో వెళ్ళిపోయేవాడని అభిమానులు అంటారు. నాకు నమ్మకం లేదు. ఎడారిలో ఒక్క జర్మన్ మోటార్ డివిజన్‌కే రోజుకు 350 టన్నుల దాకా సరుకు కావాలి. ఆ రేవు కాగితం మీద ఎంత మోయగలదని రాసుకున్నా, బాంబులు పడుతున్న రోజుల్లో దించగలిగేది అందులో కొంతే. 1942లో రేవు అతని చేతికి వచ్చాక కూడా పెట్రోలు కష్టాలు తీరలేదు కదా. మధ్యధరాలో ఓడలు మునుగుతుంటే రేవు ఉండి ఏం లాభం?

కాబట్టి టోబ్రుక్ విలువ రేవులో కన్నా అక్కడ కూర్చున్న దళంలో ఉంది. రోమెల్ కాల్లో అది విరిగిన ముల్లు. తీర రోడ్డు టోబ్రుక్ గుండానే వెళ్తుంది. దాంతో సరిహద్దులోని తన దళాలకు సరుకు పంపడానికి లారీలు ఎడారిలో పడి చుట్టూ తిరిగి వెళ్ళాలి. చివరికి ఇటాలియన్లు పనిగట్టుకుని టోబ్రుక్ చుట్టూ ఒక బైపాస్ రోడ్డే వేయాల్సి వచ్చింది. ఇటాలియన్ డివిజన్లు వరసగా కాపలాకే కట్టుబడిపోయాయి. వెనక ఒక డివిజన్ పైచిలుకు శత్రుసేన ఉండగా ఈజిప్టులోకి చొచ్చుకుపోయే ధైర్యం ఎవరికుంటుంది?

ఏప్రిల్ చివర్లో బెర్లిన్ నుంచి పౌలస్ వచ్చి చూశాడు. తర్వాత స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కినవాడు ఇతనే. అతని కళ్ళముందే జరిగిన దాడిలో పశ్చిమాన ఒక గుట్ట, చుట్టూ కొంత నేల దొరికాయి తప్ప పట్టణం దక్కలేదు. అనుమతి లేకుండా మళ్ళీ దాడి చేయొద్దని రోమెల్‌కు కళ్ళెం వేశారు. నవంబర్‌లో కూడా రోమెల్ మనసంతా టోబ్రుక్ మీద వేయబోయే దాడి మీదే ఉంది. 18న బ్రిటిష్ సైన్యం సరిహద్దు దాటి క్రూసేడర్ దాడి మొదలుపెడితే, మొదట దాన్ని అతను పెద్దగా పట్టించుకోలేదు.

రష్యా మీద జర్మన్ దాడి టోబ్రుక్ వల్లే ఆలస్యమైందని కూడా అక్కడక్కడా చదువుతుంటాం. దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. రష్యాకు కదిలిన సైన్యం ముందు రోమెల్ దళం ఏ మూలకు?

ప్రత్యర్థి వర్గం వాదనలో ఒక గట్టి అంశం ఉంది, దాన్ని దాటేయకూడదు. టోబ్రుక్‌ను విడిపించాలన్న ఒత్తిడి బ్రిటిష్‌వాళ్ళను తొందరపెట్టింది. మే నెలలో ఒకటి, జూన్ 15న బ్యాటిల్‌యాక్స్ పేరుతో ఇంకొకటి, సిద్ధం కాకుండా చేసిన రెండు దాడులూ విఫలమయ్యాయి. ట్యాంకులు పోయాయి, వేవెల్ పదవీ పోయింది. ఇది టోబ్రుక్ ఖాతాలో రాయాల్సిన ఖర్చే. కొంత చర్చిల్ తొందర ఖాతాలో కూడా రాయాలనుకోండి.

రెండో దారి: పాడుచేసి వదిలేయడం

1941లో ఈ దారి పట్టి ఉంటే? రేవును పేల్చేసి, దళాన్నంతా మెర్సా మత్రూకు తీసుకొచ్చి ఉండొచ్చు. అక్కడిదాకా అలెగ్జాండ్రియా నుంచి రైలు ఉంది, సరుకుకు ఇబ్బంది లేదు. ఓడలు పోయేవి కావు. కాగితం మీద చాలా చక్కగా ఉంది.

అసలు చిక్కు వెనక్కి వచ్చే దారిలోనే ఉంది. అలసిపోయి, చెల్లాచెదురైన దళం, ఒకే రోడ్డు మీద, పక్కనుంచి రోమెల్ చుట్టుముడుతుంటే మత్రూ దాకా క్షేమంగా వస్తుందన్న గ్యారంటీ ఏమిటి? జనరల్సే దారిలో దొరికిపోయిన వారం అది. పైగా వచ్చినా వెంటనే గోడలా నిలబడే స్థితిలో లేదు. కాంక్రీటు గుంటల్లో కూర్చున్న 9వ ఆస్ట్రేలియన్ డివిజన్‌కూ, బయట ఎడారిలో లారీలు చాలని అదే డివిజన్‌కూ చాలా తేడా. ట్యాంకులు, వాహనాలు తక్కువున్న దళానికి కోటే మేలు.

వాహనాలుండి, వెనక సిద్ధంగా ఉన్న రక్షణ రేఖ ఉండి, టైమ్ కూడా ఉంటే మాత్రం ఈ దారే చవక. 1942 జూన్‌లో సరిగ్గా అదే పరిస్థితి.

మూడో దారి: కొంతమందిని వదిలేసి మిగతావాళ్ళు తప్పుకోవడం

దీన్ని వాడింది రోమెలే. 1941 డిసెంబర్‌లో క్రూసేడర్ దెబ్బకు పశ్చిమానికి వెనక్కి తగ్గేటప్పుడు, సరిహద్దులో బార్దియా రేవునూ హల్ఫాయా కనుమనూ పట్టుకుని ఉండమని దళాల్ని వదిలి వెళ్ళాడు. వాళ్ళను విడిపించేవాళ్ళు ఎవరూ రారు. 1942 జనవరి 2న బార్దియా పడిపోయింది. హల్ఫాయాలో నీళ్ళూ తిండీ అయిపోయి జనవరి 17న లొంగిపోయారు. రెండుచోట్లా కలిపి దాదాపు 14,000 మంది ఖైదీలయ్యారు.

దారుణమే. కానీ ఫలితం చూడండి. తీర రోడ్డు అన్నాళ్ళూ మూసుకుపోయి ఉంది. ముందుకు వెళ్ళిన బ్రిటిష్ దళాలకు సరుకు చాలక బక్కచిక్కాయి. హల్ఫాయా లొంగిన నాలుగు రోజులకే, జనవరి 21న, రోమెల్ తిరగబడి మళ్ళీ బెంఘాజీ లాక్కున్నాడు. యుద్ధం లెక్కలో ఈ దారి గిట్టుబాటే. అయితే దీన్ని ఎంచుకునేవాళ్ళు వదిలేస్తున్నది ఎవరినో, వాళ్ళు తిరిగి రారనీ తెలిసే చేయాలి. ఓటర్లకు జవాబు చెప్పుకోవాల్సిన ప్రభుత్వాలు చేయగలిగిన పని కాదు. ఆస్ట్రేలియా ఎంత గొడవ చేసిందో చూశాం కదా.

నాలుగో దారి: తేల్చుకోకపోవడం (1942 జూన్)

దీన్ని ఎవరూ కావాలని ఎంచుకోరు. జారి ఇందులో పడతారు.

1942 ఫిబ్రవరిలోనే మధ్యప్రాచ్యంలోని సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల ముగ్గురు బ్రిటిష్ సేనాధిపతులూ కూర్చుని, టోబ్రుక్ మళ్ళీ ముట్టడిలో పడే పరిస్థితి వస్తే పట్టుకుని ఉండకూడదని నిర్ణయించారు. తెలివైన నిర్ణయం. నౌకాదళం ఇంకోసారి ఆ నష్టం భరించలేదు. దాని ప్రకారమే టోబ్రుక్ చుట్టూ ఉన్న మందుపాతరల్ని చాలావరకు తవ్వి టోబ్రుక్‌కు పశ్చిమాన ఉన్న గజాలా రక్షణ రేఖకు పట్టుకెళ్ళారు. కందకం చోటుచోటా ఇసుకతో పూడిపోయింది, ఎవరూ తీయలేదు.

మే 26న గజాలా యుద్ధం మొదలైంది. జూన్ రెండో వారానికి బ్రిటిష్ ట్యాంకులు చాలావరకు పోయాయి. అప్పుడు లండన్ నుంచి చర్చిల్ తంతి: టోబ్రుక్‌ను వదిలే ప్రసక్తి లేదనే అనుకుంటున్నాను, అని దాని సారాంశం. ఆకిన్‌లెక్ ముట్టడి కానివ్వొద్దంటాడు, వదలమనీ గట్టిగా చెప్పడు. 8వ సైన్యాన్ని నడుపుతున్న రిచీ, కొన్నాళ్ళు ఒంటరిగా ఉన్నా ఫర్వాలేదంటాడు. ఒకరి మాట ఒకరు సగం విని, సగం సర్దుకుని, చివరికి 2వ దక్షిణాఫ్రికా డివిజన్‌నూ మరికొన్ని బ్రిగేడ్లనూ లోపల వదిలేశారు. దాని కమాండర్ క్లాపర్ ఆ పదవికి వచ్చి కొన్ని వారాలే. బార్దియాను పట్టుకున్నదీ ఈ డివిజనే.

జూన్ 20 తెల్లవారుజామున ఆగ్నేయ మూలలో దెబ్బ పడింది. అక్కడున్నది మన 11వ ఇండియన్ బ్రిగేడ్. మరాఠా బెటాలియన్ కాపలా కాస్తున్న చోట మొదట బాంబులు, తర్వాత ట్యాంకులు. పూడిన కందకం, పలచబడ్డ మందుపాతరలు ఎంతసేపు ఆపుతాయి? సాయంత్రానికి జర్మన్లు రేవులో ఉన్నారు. 21న క్లాపర్ లొంగిపోయాడు. అదే బ్రిగేడ్‌లోని గూర్ఖాలు, కామెరాన్ హైలాండర్లు ఆ తర్వాత కూడా తమ చోట వదలకుండా పోరాడారు. సుమారు 33,000 మంది పట్టుబడ్డారు. దాదాపు 2,000 టన్నుల పెట్రోలు, 2,000 వాహనాలు, గుట్టలకొద్దీ తిండి సామాను రోమెల్‌కు దక్కాయి. మర్నాడే అతను ఫీల్డ్ మార్షల్ అయ్యాడు.

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. పట్టుకుని ఉండాలనుకుంటే ఫిబ్రవరి నుంచే మందుపాతరలు వేసుకోవాలి. వదిలేయాలనుకుంటే జూన్ 14 నాటికే సామాను తగలబెట్టి, మనుషుల్ని సరిహద్దు దాటించాలి. 1941లో ఎనిమిది నెలల్లో పోగొట్టుకున్నదానికి ఎన్నో రెట్లు ఒకటిన్నర రోజులో పోయింది.

ఒక విచిత్రం కూడా ఉంది. ఆ గెలుపు రోమెల్‌ను చెడగొట్టింది. మాల్టా ద్వీపం మీద చేయాల్సిన దాడిని పక్కనపెట్టి, దొరికిన పెట్రోలుతో ఈజిప్టులోకి పరుగెత్తాడు. మాల్టా నుంచి లేచే విమానాలు, సబ్‌మెరైన్లు అతని ఓడల్ని ముంచుతూనే ఉన్నాయి. ఓటమి వార్త అందినప్పుడు చర్చిల్ వాషింగ్టన్‌లో రూజ్‌వెల్ట్ దగ్గర ఉన్నాడు. అక్కడికక్కడే 300 షెర్మన్ ట్యాంకులు మాట ఇచ్చారు. అలాగని టోబ్రుక్ పోవడమే మేలైందని వాదిస్తే అది అతి తెలివి.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

సముద్రం మీద పట్టుండి, లోపల మంచి కాలిబంట్లూ ఫిరంగులూ ఉండి, బయట సైన్యం కొన్ని నెలల్లో తిరిగి రాగలిగితే, నిలబడండి. తిండీ గుండ్లూ రోజుకు 140 టన్నులు అందించగలిగితే చాలు, అంతకు ఎన్నో రెట్లు సరుకు తినే శత్రు డివిజన్లను కట్టిపడేయొచ్చు. ఆ బేరం చాలా మంచిది. నౌకల నష్టాన్ని మొదటి రోజే ఖర్చు కింద రాసుకోండి. దళాన్ని మధ్యలో మార్చాల్సి వస్తుందని కూడా ముందే అనుకోండి, ఎనిమిది నెలలు ఒకే మనుషుల్ని అలా ఉంచడం కుదరదు.

వెనక గట్టి రేఖ ఉండి, బయట సైన్యం ఓడి పరుగెత్తుతుంటే, వదిలేయండి. పరువు గురించి వచ్చే తంతుల్ని భద్రంగా ఫైల్ చేసుకోవచ్చు.

రోడ్డు మూయడమే ముఖ్యం, కొద్దిమందిని పోగొట్టుకోవడానికి మనసు రాయి చేసుకోగలరు అనుకుంటే మూడో దారి. నేను సలహా ఇవ్వను గానీ అది పనిచేసిందని ఒప్పుకోవాలి.

ఇక రోమెల్ దగ్గరికే ఈ ప్రశ్న 1942 నవంబర్‌లో వచ్చింది. ఎల్ అలమైన్‌లో ఓడి పశ్చిమానికి వస్తున్నాడు. టోబ్రుక్ అతని చేతిలోనే ఉంది, అదే కంచె, అదే కాంక్రీటు గుంటలు. సముద్రం మీద పట్టు లేదు, బయటినుంచి వచ్చి విడిపించే సైన్యమూ లేదు. ఒక్క రోజు కూడా ముట్టడికి నిలబడకుండా వదిలేసి వెళ్ళిపోయాడు. నవంబర్ 13న బ్రిటిష్ దళాలు పోరాటం లేకుండా ఊళ్ళోకి వచ్చాయి.